ఎల్లేశం నేర్పిన ఏడుపు

"ఎక్కడికి పోయినవ్?"

"బోరింగు కాడికి."

"బోరింగు కాడికి పోతే గింత సేపా?"

"లైను ఉండె."

"లైన్ల ఎవరెవరు ఉండిరి?"

"ఎవరో ఒకలు. ఊరోళ్లే."

"ఊరోళ్లకు పేర్లుండయా? ఒక్కొక్కల పేరు చెప్పు. నేను వింట."

మగ గొంతు పెద్దగ లేదు. అరుపు లేదు, బూతు లేదు. ఆడ గొంతు మాత్రం జవాబు జవాబుకు సన్నబడుతాంది. చాయ్ గ్లాసు పట్టుకొని పదో తరగతి గది బయట ఆగిన. ఎవరో పిల్ల తల్లిదండ్రులు బడికొచ్చి పంచాయితీ పెట్టుకున్నరు అనుకున్న. తలుపు నెట్టి చూస్తే బడి ఊడ్చే ఎల్లేశం ఒక్కడే నిలబడి ఉన్నడు. మొగుడు మాట్లాడితే చీపురు కుడి చేతిల, పెండ్లాం మాట్లాడితే ఎడమ చేతిల. చుట్టూ నేల మీద ఇరవై మంది పిల్లలు కూర్చున్నరు. ఒక్కరు గూడ నవ్వుతలేరు.

అది 2022 నవంబర్. తిరుమలగిరి మండలంల ఒక ఊరి హైస్కూలు. హైదరాబాద్ సంస్థ ఒకటి అక్కడ పదిరోజుల నాటకం వర్క్‌షాప్ పెట్టింది. ఒక మనిషి ఇంకో మనిషిని గుప్పిట్ల పెట్టుకొని హింసపెట్టుడు ఎట్ల మొదలైతదో పిల్లలు నాటకం ఆడుకుంట తెలుసుకోవాలె, అదీ లెక్క. నల్లగొండల డిగ్రీ రెండో ఏడు ఆపేసి ఖాళీగ తిరుగుతున్న నన్ను నేర్పేటందుకు పెట్టుకున్నరు. నాటకం నాకు కొంచెం వచ్చు. హింస గురించి వాళ్లిచ్చిన పుస్తకంల ఉన్నదే వచ్చు.

మొగుడి వేషం మోయిజ్‌ది, పెండ్లాం వేషం అనూహ్యది. ఇద్దరూ పదో తరగతే. మొదటి రెండు రోజులు మోయిజ్ కండ్లు పెద్దగ చేసి, మీసం లేని మూతి మీద చెయ్యి తిప్పి, గది అదిరేటట్టు అరిచిండు. పిల్లలు పడి పడి నవ్విండ్రు. మూడో రోజు నేను చాయ్‌కి పోయినప్పుడు, మూల ఊడుస్తున్న ఎల్లేశం చీపురు ఆపి, "గట్ల అరవడు బిడ్డా. అరిస్తే పక్కింటోళ్లకు వినబడతది" అన్నడట. మరెట్ల మాట్లాడతడు తాతా అని పిల్లలడిగితే చేసి చూపెట్టిండు. నేను తలుపు నెట్టింది అప్పుడే.

నన్ను చూసి చీపురు కిందికి దించిండు. "పొరపాటైంది సారూ. జర గది ఊడ్సిపోత" అన్నడు.

అప్పటికి ఆయనకు యాభై ఆరేండ్లు. సన్నటి మనిషి. బడి గంట కొట్టుడు, గదులు ఊడ్చుడు, ట్యాంకు నింపుడు ఆయన పని. మధ్యాహ్నం పిల్లలు తింటుంటే ట్యాంకు కాడ ఆయన పక్కకు పోయి కూర్చున్న.

"ఎక్కడ నేర్చుకున్నవ్ కాకా?" అన్న.

"చిరుతల రామాయణం. పన్నెండేండ్లు సీతమ్మ వేషం కట్టిన."

చిరుతల రామాయణం అంటే ఊరోళ్లే చేతిల చిరుతలు, అంటే చిన్న కట్టె తాళాలు, పట్టుకొని ఆడే ఆట. పక్క ఊరి నుంచి గురువును పిలిచి రెండు మూడు నెలలు నేర్చుకుంటరు. ఆడ వేషాలు గూడ మొగోళ్లే కడతరు. చీరలు ఎవరింట్ల నుంచి వాళ్లే తెచ్చుకోవాలె. ఎల్లేశం తన పెండ్లాం లగ్గం చీర కట్టిండు. మీసం తీసేసిండు. పగలు నాగలి పట్టుకొని పోతుంటే ఊరి పోరగాండ్లు "సీతక్కా, రాములోరు యాడ పోయిండే?" అని ఏడిపించేటోళ్లు.

"గప్పుడేమనకపోతుంటి. ఇంటికి వొచ్చినంక ఆమె దిక్కు తిరుగుతుంటి. బోరింగు కాడ ఎవరున్నరు, కిరాణం దుకాణంల ఎవరితోని మాట్లాడినవ్, అని మెల్లగ అడుగుతుంటి. జవాబు చెప్పినా కొట్టుడే, చెప్పకపోయినా కొట్టుడే."

మంది సీతక్కా అన్నరని పెండ్లాన్ని కొట్టుడు సాకే. ఆయన గూడ దాన్ని కారణమని చెప్పలేదు. ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకుంట పోయిండు, అంతే. పెండ్లాం నాలుగేండ్ల కొడుకును తీసుకొని పోయి ఇరవై రెండేండ్లైందట. నకిరేకల్‌ల నిమ్మకాయల మార్కెట్‌ల కాయలు ఏరే పని చేస్తదట. కొడుకు సునీల్ లారీ నడుపుతడట, తండ్రితోని మాట్లాడడట.

"ఎందుకు పోయింది? కొట్టినందుకా?"

"కొట్టినన్ని దినాలు ఉన్నది" అని లేచి ట్యాంకు చూసిండు. నిండలేదు. నిండినట్టే మోటరు బంద్ చేసిండు.

మర్నాటి నుంచి మోయిజ్‌కు ఆయనే నేర్పిండు. నేను అడ్డం పోలేదు. మోయిజ్ గొంతు తగ్గించేసరికి గదిల నవ్వులు ఆగిపోయినయి. "తాతా, నిన్న ఇంట్ల ఇట్లనే మెల్లగ మాట్లాడి చూసిన. మా అమ్మీ చెంప మీద ఒక్కటి ఇచ్చింది" అన్నడు వాడు. "మంచి పని చేసింది" అన్నడు ఎల్లేశం.

చిక్కు అనూహ్య దగ్గర వచ్చింది. పేర్లన్నీ అడిగినంక పెండ్లాం ఒక్కతే ఉండి ఏడ్చే జాగా ఒకటుంది. అనూహ్య రెండు చేతులు మొహానికి అడ్డం పెట్టుకొని "ఊఊ" అనేది. శుక్రవారం నాడు ఎల్లేశం ఆ పిల్లను పక్కకు పిలిచి గంట సేపు ఏదో చూపెట్టిండు. తిరిగొచ్చి ఆ పిల్ల చేస్తే కూర్చున్నోన్ని లేచి నిలబడ్డ. అది ఎట్లుండెనో ఇక్కడ రాయను, ఎందుకన్నది చివర్ల ఉంది. మా సంస్థోళ్లు వీడియో తీసుకుంటరు, ఈ ఒక్క ముక్క చాలు, మళ్ల పది బడులల్ల నాకు పని దొరుకుతది, అని, నేను ముందుగాల అనుకున్నది అదే.

పిల్లలు పోయినంక అడిగిన. "ఇది గూడ గురువే నేర్పిండా?"

"గురువుకు ఏమొస్తది? గురువు రాగం తీసి ఏడ్వుమన్నడు." గది తాళం వేసుకుంట చెప్పిండు. "ఆమెది. కొట్టి బయటికొచ్చి బీడీ తాగుకుంట కిటికీల నుంచి చూస్తుంటి. నాలుగైదేండ్లు చూసిన. ఒక ఏడాది అశోకవనంల గదే ఏడ్చిన. మంది అంతా ఏడ్చిండ్రు. ఆడోళ్లైతే పైటలు తడిపిండ్రు. గట్ల ఎన్నడు గాలే."

"ఆమె ఉండెనా?"

"ముంగట్నే కూసున్నది. తెల్లారి లేచే సరికి ఇంట్ల లేదు."

"ఇప్పుడు అనూహ్యకు నేర్పినవ్ గదా. నీ ఇంటామెను అడిగినవా?"

నా దిక్కు చూసిండు. ఆ ప్రశ్న ఇరవై రెండేండ్లల ఆయనకు రాలేదని మొహం చూస్తే తెలిసింది. నాకు గూడ అప్పుడే వచ్చింది.

"నేను పోతే మొహం చూడది తమ్మీ."

అంతవరకు సారూ అనేటోడు తమ్మీ అన్నడు. తెల్లారి రెండో శనివారం, బడికి సెలవు. సూర్యాపేటల బస్సు మారి నకిరేకల్ పోయిన. ఆయన పొమ్మనలేదు. మంచితనం గూడ కాదు. గురువారం నాడు మంది ముంగట ఆ ఏడుపు పెట్టాల్నా వద్దా అన్నది తేలకపోతే నాకు నిద్ర పట్టేటట్టు లేదు.

మార్కెట్‌ల షెడ్డు కింద పదిమంది ఆడోళ్లు నిమ్మకాయలు ఏరుతున్నరు. పండువి ఒక దిక్కు, పచ్చివి ఒక దిక్కు, మచ్చలున్నవి బుట్టలకు. ఆమె పేరు చెప్పి అడిగితే చూపెట్టిండ్రు. యాభై దాటిన మనిషి, నెత్తికి తువ్వాల చుట్టుకుంది. ఫలానా ఊరి బడి నుంచి వచ్చిన అని చెప్పిన. ఎల్లేశం పేరెత్తంగనే, "బతికే ఉన్నడా?" అంది. పని ఆపలేదు.

"ఉన్నడు పెద్దమ్మా. బడిల పని చేస్తడు. పిల్లలతోని నాటకం ఆడిస్తున్నం. అందుల ఒక ఏడుపుంది. నీది నేర్పిండు."

చేతులు అప్పుడు ఆగినయి. పక్కన కూర్చున్న మనిషి మా దిక్కు చూసింది. ఈమె ఒక బుట్ట తీసుకొని లేచి, షెడ్డు చివరకు నడిచింది. నేను ఎంబడి పోయిన.

"ఎవరు ఏడుస్తరు?"

"పదో తరగతి పిల్ల."

"ఆడపిల్లకు ఎందుకు నేర్పిండు గది? ఇంకేం దొరకలేదా నేర్పనీకి?"

నేను కింద పడ్డ ఒక కాయ ఏరి బుట్టల వేసిన.

"ఆయన కొట్టేది మా ఇంట్లనే ఉండె అయ్యా. అత్తకు గూడ తెల్వనియ్యకపోతుంటి. గా దినం మంది ముంగట, నా చీరనే కట్టుకొని, నేను ఇంట్ల ఎట్ల ఏడుస్తనో గట్లనే ఏడ్చిండు. అందరు సీతమ్మా సీతమ్మా అని మొక్కుతున్నరు. పక్కింటి నర్సింగమ్మ మాత్రం మొక్కలే. నా చెయ్యి పట్టుకున్నది. ఆమెకు ఎరుకైంది. ఇగ ఊళ్లె ఎట్ల తిరగాలె?"

బుట్ట కింద పెట్టి నిమ్మకాయలు సరిజేసింది. అవి సరిగనే ఉండె.

"వద్దని చెప్పు. నాటకం ఆడుకోండ్రి, మీ ఇష్టం. గది మాత్రం వద్దు."

ఏమన్న తిన్నవా అని అడిగింది. తిన్న అన్న. నాలుగు నిమ్మకాయలు చేతిల పెట్టి మళ్ల పోయి వరుసల కూర్చుంది.

సోమవారం పొద్దున గంట కొట్టకముందే ఎల్లేశం గేటు కాడ నిలబడ్డడు. నకిరేకల్ పోయినవా అని అడగలేదు. నా చేతిల నిమ్మకాయల సంచి దిక్కు చూసిండు.

"వద్దన్నది కాకా."

"ఊ" అన్నడు. పోయి గంట కొట్టిండు. రోజూ కంటే ఎక్కువ సేపు కొట్టిండని హెడ్మాస్టర్ రఘుపతి సారు గదిల నుంచి బయటికొచ్చి చూసిండు.

అనూహ్యకు ఆయనే చెప్పిండు. "బిడ్డా, గా ఏడుపు మర్శిపో."

"ఎందుకు తాతా? మంచిగ వస్తాంది గదా."

"గది నాది గాదు. అడగకుండ తెచ్చిన."

"మరి నేనెట్ల ఏడ్వాలె? మూడు దినాలే ఉన్నది."

"నాకు తెల్వది."

ఆ పిల్లకు కోపం వచ్చింది. "నేర్పేటప్పుడు తెలుసు, వాపస్ తీసుకునేటప్పుడు తెల్వదు" అని సంచి భుజానికి తగిలించుకొని పోయింది. ఎల్లేశం చీపురు తీసుకొని గది ఊడ్చిండు.

గురువారం మధ్యాహ్నం అన్నాలైనంక బడి ముంగట నాటకం ఆడినం. ఊరోళ్లు రెండు వందల మంది దాకా వచ్చిండ్రు. సంస్థ నుంచి కెమెరాతోని ఒకాయన వచ్చిండు. మోయిజ్ మెల్లగ అడిగిండు, అనూహ్య పేర్లు చెప్పుకుంట పోయింది. మంది చప్పుడు చేయలేదు. ముందు వరుసల ఒకాయన తల దించుకొని చెప్పు ఉంగటం సరిజేసుకుంట కూర్చున్నడు, చివరిదాక అదే పని. ఏడ్చే జాగా వచ్చింది. అనూహ్య ఏడ్వలేదు. నేల మీద కూర్చొని మంది దిక్కు చూసింది. మాటలు మర్శిపోయిందనుకొని రఘుపతి సారు పక్క నుంచి "అయ్యో దేవుడా, అను... అయ్యో దేవుడా" అని అందిస్తనే ఉన్నడు. ఆ పిల్ల అట్లనే చూసుకుంట కూర్చుంది, మోయిజ్ వచ్చి మళ్ల "ఇంకెవరున్నరు?" అని అడిగేదాక.

నాకు అది శుక్రవారం నాటిదంత గొప్పగ అనిపించలేదు. నిజం చెప్పాలంటే తక్కువే అనిపించింది. "ఎమోషన్ రాలేదు బ్రదర్" అన్నడు కెమెరా ఆయన.

ఆట అయిపోయినంక మంది లేస్తుంటే బీరన్న మైకు కాడికొచ్చిండు. ఆ కాలంల ఎల్లేశం సీత అయితే బీరన్న రావణుడు. గొంతు ఇప్పటికీ మైకు అక్కర్లేకుండ వినబడతది.

"పిల్లలు మంచిగ చేసిండ్రు గని, ఏడుపు లేకుంటే ఇదేం ఆట? మా ఎల్లేశం సీతమ్మయి ఏడుస్తుంటే ఊరు ఊరంతా ఏడ్చేది. బావా, ఒక్కసారి చేసి చూపెట్టు. గీ పిల్లలు గూడ చూస్తరు."

ఎల్లేశం కుర్చీలు సర్దుతున్నడు. నాలుగు దిక్కుల నుంచి "చెయ్యి, ఎల్లేశం చెయ్యి" అన్నరు. లేచినోళ్లు మళ్ల కూర్చున్నరు. కెమెరా ఆయన కెమెరా మళ్ల భుజానికెత్తిండు. ఎల్లేశం ఒక కుర్చీ మీద చెయ్యి పెట్టి నిలబడ్డడు. చేస్తడనే అనుకున్న. ఇరవై రెండేండ్ల తర్వాత అంత మంది పిలుస్తుంటే, చీపురు పట్టే మనిషి ఎట్ల ఆగుతడు? ఆయన మెడ కొంచెం వంగింది, నేను చూసిన.

"యాదికి లేదు బావా" అన్నడు.

"యాదికి లేకపోవుడేందిరా? పన్నెండేండ్లు ఏడ్చినవ్. నీ బొక్కలల్ల ఉంటది గది."

మంది నవ్విండ్రు. ఎల్లేశం గూడ నవ్విండు. "బొక్కలు గూడ అరిగినయి బావా" అని కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎక్కించుకొని గదిలకు మోసుకపోయిండు. బీరన్న కాసేపు మైకు కాడనే నిలబడి, ఎవరో పిలిస్తే దిగిపోయిండు.

ఇంటికి పోయినంక ఒక్కడే ఏడ్చిండో, లేకుంటే చేసి చూపెట్టలేకపోతినే అని బాధపడ్డడో నాకు తెల్వదు. అడగలేదు. ఆ ఒక్క దినం ఆయన చేయలేదు, అంతవరకే నేను చూసింది. కొట్టిన దెబ్బలకు అది సరిపోతదని నేననుకోను.

మర్నాడు నేను బ్యాగు సర్దుకొని బస్సు కోసం గేటు కాడ నిలబడితే ఎల్లేశం వచ్చిండు.

"కాకా, నీ మీద రాస్త. పుస్తకంల వేసుకుంట" అన్న.

"ఏం రాస్తవ్?"

"నువ్వు చెప్పింది, నేను చూసింది."

"కొట్టింది గూడనా?"

"అది ముందుగాల."

తల ఊపిండు. బస్సు మూల మలుపు తిరిగి కనబడ్డది. నా బ్యాగు ఎత్తి భుజానికి అందించిండు.

"నా పేరు రాయి తమ్మీ. ఊళ్లె అందరికి ఎరుకే, దాపరికం ఏం లేదు. ఆమె పేరు మాత్రం రాయకు. ఇంగ, ఎట్ల ఏడుస్తుండెనో... గది గూడ రాయకు."