గంగామణి చేతులు

కరోనాకు మూసిన బడులు మళ్లీ తెరిచిన ఏడాది. ఎల్లారెడ్డిలో ఆడపిల్లల హాస్టల్‌లో ఆయాగా చేస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది కూడా అక్కడే, జుట్టు నెరిశాక, ఆ పిల్లలు నేర్పితేనే. డాక్టర్లు రాసినట్టు రాయలేను. చూసింది చెప్తాను.

శిరీష ఆరో తరగతి. ఉబ్బసం. ఆమెకు రెండు ఇన్‌హేలర్లు, అంటే నోటితో పీల్చే మందు పంపులు. ఒకటి ఒంట్లో బాగున్నా రోజూ పీల్చాలి, ఇంకోటి ఆయాసం వచ్చినప్పుడు. పంపుకు స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం తగిలిస్తే మందు గొంతులో ఆగిపోకుండా లోపలికి పోతుంది. రోజూ మందు నా ముందే పీల్చి నోరు పుక్కిలించేది. అయినా ఆదివారం సాయంత్రమైతే చాలు, ఛాతీలో పిల్లికూతలు.

ఆదివారం తల్లి గంగామణి తాడ్వాయి నుంచి వచ్చేది. పిల్ల ఆమె కొంగులో ముఖం పెడితే తీసేది కాదు. తల్లి పోయాక ఏడుపు, ఆ వెనకే ఆయాసం. ఏడ్చి తెచ్చుకుంటోందని అందరం అనుకున్నాం. రావడం తగ్గించుకొమ్మని వార్డెన్ మేడం గంగామణికి చెప్పింది కూడా.

ఒకసారి ఆయాసం పంపుకు లొంగలేదు. కామారెడ్డి పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. గంగామణి అక్కడికే వచ్చింది. పిల్ల కుదుటపడ్డాక, ఏం పని చేస్తావని డాక్టరు ఆమెను అడిగాడు.

"బీడీలు చేస్తా సార్. ఇంట్లనే."

బీడీల్లో పోసే తంబాకు, అంటే పొగాకు ధూళి చీరకూ జుట్టుకూ పట్టి ఉంటుందని, ఈ పిల్ల ఊపిరికి అదే పడటం లేదని ఆయన చెప్పాడు. పని మానలేనని ఆమె అంది. ఆయన వాదించలేదు. బిడ్డను ముట్టుకునే ముందు తలస్నానం చేసి, తంబాకు తగలని చీర కట్టుకొమ్మన్నాడు. ఆమెకున్నది ఒక్క గది. తగలని చోటెక్కడ? ఉతికిన చీర ఒకటి నా పెట్టెలో ఉంచమన్నాను.

ఆ తర్వాతి ఆదివారం బస్సు దిగి, నా దగ్గర స్నానం చేసి, ఆ చీర కట్టుకుంది. శిరీష ఉరికొచ్చి హత్తుకుంది. కాసేపటికి ముఖం తీసింది.

"అమ్మా, నీ వాసన వస్తలేదే."

"సబ్బు పెట్టి రుద్దిన బిడ్డా. ఇయ్యాల నేను సేఠు పెండ్లాన్ని."

పిల్ల నవ్వలేదు. "చేతులియ్యి" అంది. ఎంత కడిగినా వేళ్ల నుంచి తంబాకు పోదు. అది తల్లికీ తెలుసు, పిల్లకూ తెలుసు. గంగామణి చేతులు కొంగు కింద పెట్టుకుంది.

"వద్దు బిడ్డా."

ఆ పూట పిల్లకు జడ నేను వేశాను. గంగామణి పక్కన కూర్చుని, "పాపిట వంకర పోతుంది అవ్వా, ఇంకింత ఇటు" అని చెప్తూ ఉంది. చేతులు మాత్రం బయటికి తీయలేదు.

సాయంత్రం తల్లి పోయింది. పిల్ల కూర్చుని ఏడ్చింది. నేను వీపుకు చెవి ఆనించి విన్నాను. ఏడుపే ఉంది. పిల్లికూత లేదు.

ఉబ్బసం ఉన్న పిల్లను చూసేవాళ్లు మందు పీల్చిందా అని అడిగితే సరిపోదు. ఎవరిని హత్తుకుంటుందో కూడా అడగాలి. ఆ తర్వాత ఏ పిల్ల వచ్చినా నేను అడిగాను.

మా అమ్మ కూడా బీడీలే చేసింది. పోయి చానా ఏండ్లయింది. ఇప్పటికీ కామారెడ్డి పోతే చుట్టు తిరిగైనా బీడీల కార్ఖానా ముందు నుంచే నడుస్తాను, ఆ వాసనకు కాసేపు నిలబడతాను. శిరీషకు ఆ దారి లేదు.