మా పిల్ల కాదన్న మాట

ఉదయగిరి నుంచి నెల్లూరు పోయే బస్సు ఆత్మకూరు బస్టాండులో ఆగింది. కొత్తగా ఎక్కి నా పక్కన కూర్చున్న ఆవిడ కొంగు ముడి విప్పి, ఒక లవంగం తీసి నోట్లో వేసుకుంది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నాకు రూతమ్మ టీచర్ వచ్చి పక్కన కూర్చున్నట్టే అయింది. బడిలో పాఠం మొదలుపెట్టే ముందు, చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచే ముందు, ఎవరితోనైనా పోట్లాటకు దిగే ముందు ఆమె దవడన ఒక లవంగం పెట్టుకునేది. గొంతు కోసమని చెప్పేది. గొంతుకేం, నిక్షేపంగా ఉండేది. ఆమె కేకేస్తే మా వీధి చివర పోయే మేకలు కూడా ఆగి వెనక్కి చూసేవి. ఇదే ఆత్మకూరులో, ఈ బస్టాండుకు కాస్త దూరంలో ఉన్న ఒక ఆఫీసులో, ఆమె లవంగం దవడన పెట్టుకుని నా కోసం ఒక మాట అన్నది. ఆ మాట వల్లే నేనివాళ ఈ దేశపు మనిషిని.

మీరెవరూ ఆమెను చూసి ఉండరు. ఆమె సంగతి చెప్పాలంటే ముందు నా గోల కొంత వినక తప్పదు. నేను పుట్టింది శ్రీలంకలో, కొండల మీది తేయాకు తోటల్లో. మా అమ్మ తేయాకు కోసేది. నేను కువైట్‌లో ఒక ఇంట్లో పనికి పోయాను. ఆ ఇంటి కారు డ్రైవరు శీనయ్యది ఉదయగిరి. ఉదయగిరి వైపు ఏ వీధిలో చూసినా కువైట్ పోయొచ్చిన వాళ్లు ఉంటారు కాబట్టి, శీనయ్య కువైట్‌లో ఉండటం ఎవరికీ వింత కాదు. పెళ్లాన్ని కూడా అక్కడి నుంచే తెచ్చుకోవడం మాత్రం వింత. నన్ను ఉదయగిరి కొండ కింద ఒక ఇంట్లో దింపి, సెలవు అయిపోగానే ఆయన మళ్లీ విమానం ఎక్కాడు. నాకొచ్చింది తమిళం. తెలుగులో అన్నం, నీళ్లు తప్ప మూడో మాట రాదు. పక్కింట్లో రూతమ్మ టీచర్. ఊళ్లో చాలామందికి అక్షరాలు దిద్దించి రిటైరయిన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు, నోరు మాత్రం దండిగా ఉంది.

వచ్చిన కొత్తలో కుళాయి దగ్గర ఆడవాళ్లు ఏ ఊరని అడిగితే మద్రాసు అని చెప్పేశాను. శ్రీలంక అంటే వెనకాలే ఇంకో పది ప్రశ్నలొస్తాయి. వాటికి జవాబు చెప్పేంత తెలుగు నా దగ్గరెక్కడిది? టీచర్‌కు మా ఆయన ముందే అంతా చెప్పి పోయిన సంగతి నాకు తెలియదు. ఆమె బిందె కింద పెట్టి నా ముందుకొచ్చింది.

"మద్రాసులో యాడ?"

నేను నేల చూపులు చూశాను.

"తెలీదు గదా. పో, పోయి ఆ నీళ్లతో నోరు పుక్కిలించుకో."

అది ఆమె బడిలో వేసే శిక్ష. ఆమె బెత్తం పట్టుకున్న మనిషి కాదు. అబద్ధమాడిన పిల్ల ఎవరైనా సరే, అందరూ చూస్తుండగా బయటికి పోయి, నోరు పుక్కిలించుకుని, తిరిగొచ్చి నిజం చెప్పాలి. అంతే. ఊళ్లో ఇప్పుడు మీసాలు నెరిసిన వాళ్లు కూడా ఆ కుళాయి దగ్గరికి పోయొచ్చిన వాళ్లేనట. నేనేమో కడుపుతో ఉన్నదాన్ని, పైగా కొత్త కోడలిని! సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఆమె కళ్ల ముందు నిలబడలేక పుక్కిలించి ఊసి వచ్చాను. మెల్లగా శ్రీలంక అన్నాను.

"ఆఁ. పుట్టిన ఊరు చెప్పేటప్పుడు తల ఎత్తి చెప్పు. మీయమ్మ ఉండే ఊరది. సిగ్గెందుకు?" అంది. సగమే అర్థమయింది. ఆ సగంతోనే ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం నుంచే నాకు బడి మొదలయింది. పేపరు తెచ్చి చేతిలో పెట్టేది. అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకి చదవాలి. తప్పు చదివితే వీధి వినేలా దిద్దేది. పాప జ్యోతి పుట్టాక దాన్ని ఒళ్లో వేసుకుని చదివాను. వీధిలో అందరికీ నేను మల్లిని. మలర్ అనే పేరు వాళ్ల నోరు తిరగక కాదు, మల్లి వాళ్లకు సొంతంగా తోచింది. టీచర్ ఒక్కతే నన్ను మలర్ అని పిలిచేది. మీయమ్మ పెట్టిన పేరు మార్చేదానికి వీళ్లెవరని దబాయించేది. నేను మా ఊరి పద్ధతిలో కొబ్బరి, ఎండుమిరపకాయలు దంచి ఇస్తే, "ఏంది మే ఇది? పచ్చడా, పొడా? ఏదో ఒకటి తేల్చరాదా?" అని ముఖం చిట్లించింది. మర్నాడు గిన్నె పట్టుకుని తనే వచ్చింది.

ఇక అసలు బాధకు వస్తాను. నా కూతురు పుట్టుకతోనే ఈ దేశం పిల్ల. నేను కాదు. గడువు ముగిసినప్పుడల్లా నెల్లూరు పోయి, ఇంకొన్నాళ్లు ఇక్కడ ఉండనివ్వండని కాగితం పొడిగించుకోవాలి. ఒకసారి కువైట్ నుంచి మా ఆయన పంపాల్సిన కాగితం ఆలస్యమయింది. కౌంటరులో ఆయన, పాపం మామూలుగానే, "గడువు దాటితే దేశం వదిలి పోవాల్సొస్తుందమ్మా" అన్నాడు. ఆయనకది రోజూ అనే మాట. నా చంకలో జ్యోతి ఉంది. దీన్నొదిలి నేనెక్కడికి పోవాలి? ఆ సాయంత్రం టీచర్ దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె ఒక లవంగం తీసి నోట్లో వేసుకుంది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

చట్టం చెప్పినన్ని ఏళ్లు కాపురం చేశాక పౌరసత్వానికి అప్లికేషన్ పెట్టాను. నెట్ సెంటర్ అబ్బాయి అంతా ఎక్కించి, "ఇంక పోలీసు ఎంక్వయిరీకి వస్తారక్కా, వీధిలో అడుగుతారు" అని చెప్పాడు. టీచర్‌కూ ఆ మాట చేరవేశాను. పోలీసంటే ఖాకీ బట్టలతో వస్తాడనే అనుకున్నాం ఇద్దరమూ. నేను జ్యోతికి జ్వరమొచ్చి ఆత్మకూరు ఆసుపత్రికి పోయిన రోజు, మామూలు ప్యాంటూ చొక్కా వేసుకున్న మనిషి మోటారు సైకిల్ మీద వచ్చి, శ్రీలంక ఆమె ఇల్లెక్కడని అడిగాడట. మా వీధి సంగతి మీకు తెలియదు. చేతిలో కాగితాలతో ముక్కూమొహం తెలియని వాడొచ్చి ఎవరి గురించైనా ఆరా తీస్తే, ఆ మనిషితో రేపు మాటలుండనీ లేకపోనీ, ఆ పూటకు వీధంతా ఒక్కటవుతుంది. శ్రీలంక మనిషా, ఇక్కడెవరూ లేరే అని ఒకరు, ఆ ఇంట్లో ఉండేది మా మల్లి అని ఇంకొకరు. చివరికి ఆయన చదువుకున్న మనిషి కదా అని టీచర్ దగ్గరికి పోయాడు.

సాయంత్రం నేను బస్సు దిగేసరికి ఆమె వాకిట్లో నిలబడి ఉంది. ముఖం వెలిగిపోతోంది.

"నిన్ను పట్టుకపోను ఒకడొచ్చినాడు. పంపించేసినాను."

"ఏం చెప్పినారు టీచర్?"

"మల్లి నా చెల్లెలి మనవరాలు, మన కలిగిరి పిల్ల, ఎవురో నీకు తప్పు చెప్పినారు అన్నాను. రాసుకోని పోయినాడు." నా ముఖం చూసి, తప్పు పట్టుకున్నాననుకుని, గొంతు తగ్గించింది. "నోరు పుక్కిలించుకున్నాలే. ఒకటికి రెండుసార్లు పుక్కిలించినా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఊరంతటి చేత నిజం చెప్పించిన మనిషి, పుట్టిన ఊరు దాచొద్దని నాతో పుక్కిలింపించిన మనిషి, నా కోసం ఎదురుగా నిలబడి అబద్ధమాడింది. జీవితంలో మొదటిసారి నన్ను మల్లి అని కూడా అంది. ఆ వచ్చినవాడే పోలీసని, నేను శ్రీలంక మనిషినని, ఇక్కడే మర్యాదగా కాపురం చేసుకుంటున్నానని చెబితే చాలని ఎలా చెప్పడం? చెప్పాను. ఆమె నిలబడిన చోటే కూలబడిపోయింది.

ఇంటర్వ్యూకు ఆత్మకూరు రమ్మని కబురొచ్చింది. టీచర్ నాకంటే ముందు తయారై బస్టాండుకు వచ్చింది. దారంతా కిటికీలోంచి బయటికే చూసింది. ఆఫీసు బయట బెంచీ మీద జ్యోతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుని, "తల ఎత్తి చెప్పు" అని మాత్రం అంది. లోపల ఆఫీసరు నెమ్మదస్తుడు. పాస్‌పోర్టు చూశాడు, రిపోర్టు చూశాడు, మళ్లీ నన్ను చూశాడు.

"ఇందులో శ్రీలంక అనుంది. ఇందులో కలిగిరి అనుంది. ఏది నిజమమ్మా?"

"శ్రీలంక సార్. కలిగిరి అనేది మా వీధోళ్లు పొరపాటున చెప్పినారు. నన్ను పట్టుకపోతారని భయపడి చెప్పినారు సార్."

ఆయన కలం కింద పెట్టేశాడు. "మీ మాట వింటే నాకూ కలిగిరే అనిపిస్తోంది. పరాయి దేశం నుంచి వచ్చి ఈ యాసలో మాట్లాడేవాళ్లను నేనింతవరకూ చూడలేదు. ఈ అనుమానం తీరకుండా ఫైలు పైకి పంపలేను. తప్పుడు పాస్‌పోర్టని తేలితే పౌరసత్వం సంగతి అటుంచండి, మీ మీద కేసవుతుంది."

పేపరు చదివించి, ముక్క ముక్క దిద్ది ఆమె నేర్పిన తెలుగే నా మెడకు చుట్టుకుంది.  అంతలో తలుపు దగ్గర లవంగం వాసన వచ్చింది. ఆమె ఎప్పుడు లేచి వచ్చిందో, పాప చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది.

"పొరపాటు కాదు సార్. కావాలనే చెప్పినాను. అబద్ధం చెప్పింది నేను."

ఆఫీసరు ఆమెను కూర్చోమన్నాడు. కూర్చోలేదు. పోలీసుకు తప్పు సమాచారం ఇచ్చానని రాసి సంతకం పెట్టాలని, దానివల్ల ఆమెకు ఇబ్బంది రావచ్చని ఆయన వివరంగా చెప్పాడు. "ఈ వయసులో నాకొచ్చే ఇబ్బంది ఏంది సార్, ఇయ్యండి" అంది.

"అయితే ఈమె మీకేమవుతుంది?"

ఆమె లవంగం ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చింది. పెద్ద నోరున్న రూతమ్మ టీచర్ గొంతు అంత చిన్నగా రావడం నేను అంతకుముందు వినలేదు.

"ఏమీ కాదు సార్. మా పిల్ల కాదు. పరాయి దేశం పిల్ల. పక్కింట్లో ఉంటాది."

నేను ఎదురుగానే ఉన్నాను. ఆమె మాత్రం నా వైపు చూడలేదు. ఆఫీసరు ఆ మాటే రాసి కాగితం ముందుకు జరిపాడు. ఆమె చదివి, ఒక తప్పు దిద్ది, సంతకం పెట్టింది.

బస్టాండుకు నడిచొచ్చేటప్పుడు నేను సంతోషంతో ఏదేదో వాగుతున్నాను. ఆమె బస్టాండులో కుళాయి కనబడగానే జ్యోతి చేతిని నాకప్పగించి, గబగబా పోయి, నోరు పుక్కిలించి ఊసింది. మళ్లీ దోసిలి పట్టింది. మళ్లీ ఊసింది.

"టీచర్, నిజమే గదా చెప్పినారు! ఎందుకు పుక్కిలిస్తుండారు?"

కొంగుతో మూతి తుడుచుకుంది. కళ్లు కూడా తుడుచుకుంది.

"నువ్వు మా పిల్లవి కాదన్నాను గదే. నీకది నిజమేమో. నా నోటికి కాదు" అంది. ఆ బస్టాండులో అందరూ చూస్తుండగానే ఆమెను పట్టుకుని ఏడ్చాను. జ్యోతి మా ఇద్దరినీ చూసి తనూ అందుకుంది.

ఆఫీసరు హెచ్చరించినట్టు ఆమెకు ఏ ఇబ్బందీ రాలేదు. ఫైలు కదిలింది. పాత పాస్‌పోర్టు వదులుకునే రోజు మా అమ్మ గుర్తొచ్చి కష్టంగానే గడిచింది. తర్వాత నెల్లూరులో చెయ్యెత్తి ప్రమాణం చేశాను. ఆ కాగితం తీసుకుని నేరుగా టీచర్ దగ్గరికే పరిగెత్తాను. అప్పటికి ఆమె మంచం మీద ఉంది. చదవమని చేతికిస్తే, కళ్లద్దాలు కూడా అడగకుండా తిరిగి నా చేతిలోనే పెట్టింది.

"నాకెందుకు ఇది? నేను ముందే చెప్పినా గదా. ఆ మోటారు సైకిల్ అబ్బాయిని రమ్మను, ఎవురు చెప్పింది నిజమో చూసుకోమను" అంది. నవ్వుతూనే దగ్గొచ్చింది. ఆ ఏడాది వానలు పడకముందే ఆమె వెళ్లిపోయింది. కలిగిరి నుంచి ఆమె చెల్లెలు వాళ్లు వచ్చి, శవపెట్టె పక్కన కూర్చున్న నన్ను చూసి ఈమె ఎవరని అడిగారు. నేను నోరు తెరిచేలోపే మా వీధి ఆడవాళ్లు చెప్పేశారు, మన పిల్లే అని.

బస్సు ఆత్మకూరు దాటింది. పక్కనావిడ నాకూ ఒక లవంగం ఇచ్చి మాటలు కలిపింది.

"ఏ ఊరు మీది?"

"ఉదయగిరి."

"పుట్టింది కూడా ఈడేనా?"

"కాదమ్మా, శ్రీలంకలో" అన్నాను, తల ఎత్తి. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది, రెంటిలో ఏదో ఒకటి అబద్ధమేమోనని. చూడనీ. ఇప్పుడు రెండూ నిజమే. ఏ ఊరి కుళాయి దగ్గరా నేను ఆగాల్సిన పని లేదు.