అందరూ ఒప్పుకోవాలె

కాజీపేట స్టేషన్లో బండి కోసం కూర్చుని పేపరు చదువుతుంటే, పక్కనున్న నెక్కొండ రైతు, నా ఈడువాడే, "ఏం రాసిండ్రు సారూ?" అని అడిగాడు. ఒక చిన్న దేశం రక్షణ కూటమిలో చేరిందని, ఇక దాని మీదికి ఎవరొచ్చినా కూటమి దేశాలన్నీ అడ్డం నిలబడతాయని చెప్పాను.

"మేం అన్నదమ్ములం పొత్తుల ఉన్నప్పుడు గట్లనే ఉంటుండె. వేరువడ్డంక పక్క పొలపోడు ఏటేట గెట్టు నా దిక్కు జరుపుతాండు," అని నవ్వాడు.

ఆయన తమ్ముడు కాజీపేటలోనే ఉంటాడట. తమ్ముడితోనూ మరదలితోనూ ఏళ్లుగా మాటల్లేవట. గెట్టు తేల్చే సర్వే రోజు వచ్చి తన పక్కన నిలబడమని అడగడానికి బయలుదేరి, ఆ ఇంటిదాకా కాళ్లు సాగక ఇక్కడే కూర్చున్నాడు.

"ఆ దేశం తనంతట తనే అడిగిందా సారూ?"

"తనే అడిగింది. లోపలున్నవాళ్లంతా ఒప్పుకుంటేనే చేర్చుకుంటరు."

"ఒక్కలు వద్దంటే?"

"కుదరదు."

"ఇగ మా మరదలు ఒప్పుకుంటదా!" అని సంచి తీసుకుని, నెక్కొండ వైపు పోయే ప్యాసింజరు ఎక్కాడు.

అడిగినదానికే జవాబు చెప్పడం నాకు అలవాటు. ఆ దేశాన్ని చివరికి ఎవరూ వద్దనలేదని, అందరూ రమ్మన్నారని కూడా ఆ వార్తలోనే ఉంది. ఆ మాట చెప్పాలని తోచేసరికి ఆయన బండి కదిలిపోయింది.