చేతులు కట్టుకుని ఓడను చూడాలనుకున్న మా శేషగిరి మాస్టారు

నిన్న పొద్దున గిలకలదిండి రేవులో వల బాగు చేసుకుంటున్నాను. ఫోన్ మోగింది. మాస్టారి భార్య.

"నాంచారయ్యన్నయ్యా, మీ మాస్టారు ఇక లేరు. స్నానానికి వెళ్తూ పడిపోయారు. హార్ట్ ఎటాక్ అన్నారు."

"ఎవరి సంగతమ్మా నువ్వు చెప్పేది?" అని గద్దించాను. మొన్న ఆదివారం నా పడవలో కూర్చుని పులుసన్నం తిన్న మనిషి.

వల సూది చేతిలో అలాగే ఉండిపోయింది.

నేను చదువుకున్నవాణ్ణి కాదు. ఫోన్‌లో ఒక్కో అక్షరం వెతుక్కుని కొడుతున్నాను. తప్పులుంటే సర్దుకోండి. విషయం మాత్రం తప్పు కాదు.

మాస్టారు గుడివాడలో లెక్కలు చెప్పేవారు. రిటైరయ్యాక అందరూ కాశీకి వెళ్తే ఈయన వైజాగ్ వెళ్లి సముద్రం అడుక్కి దిగడం నేర్చుకొచ్చారు. వీపున సిలిండర్, కాళ్లకి బాతు కాళ్లు. నాలుగేళ్ల కిందట నా దగ్గరికి వచ్చి పడవ కావాలన్నారు.

నేను పడీ పడీ నవ్వాను. "మాస్టారూ, కృష్ణమ్మ బురదంతా వచ్చి కలిసే సముద్రం ఇది. మీ చెయ్యే మీకు కనపడదు. ఏం చూద్దామనండీ?"

"కనపడకపోతే తడుముకుంటాను బావా."

మొదటి రోజే బావా అన్నారు. ఇంక కాదనలేకపోయాను.

మా సముద్రంలో ఒక చోటుంది. మేము ముసలమ్మ అంటాం. వల పట్టుకుందంటే వదలదు. కానీ దాని చుట్టూ చేప గుంపు కడుతుంది. పడవలోంచి చూస్తే ఒడ్డు మీద ఏ చెట్టు ఏ గోపురానికి సూటిగా రావాలో, అదే ఆ చోటుకి గుర్తు. మా నాన్న నాకు చెప్పాడు. బయటివాడికి చెప్పకూడదు. అది మా కట్టుబాటు.

మాస్టార్ని పడవ ఎక్కించుకున్న మొదటి రోజే వల అక్కడ పట్టేసింది. మాస్టారు దిగారు. చాలాసేపటికి తేలి, ముఖానికున్న అద్దం లాగేసి అరిచారు.

"బావా! ఇది రాయి కాదు, ఓడ! దూలాలు తగిలాయి. ఇటుకలు వరసగా పేర్చి ఉన్నాయి."

వలతో పాటు నీలం పువ్వుల పింగాణీ జాడీ ఒకటి పైకి వచ్చింది. ఏ కాలపు దొరలదో.

"నా వలలో పడింది, నాది," అన్నాను.

"వందేళ్లు దాటిన వస్తువు బావా. చట్టం ఉంది. సర్కారుకి చెప్పాలి."

"చేపకి లేని చట్టం జాడీకెందుకండీ?"

"చేప మళ్లీ పుడుతుంది. ఓడ పుట్టదు."

నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన జాడీ అప్పజెప్పేశారు. కాగితం మీద నా పేరే ముందు రాయించారు.

పురావస్తు ఆఫీసువాళ్లు అన్నారు, చోటు ఎక్కడో చెప్పండి, సర్వే చేస్తాం, అప్పటిదాకా పర్మిషన్ లేకుండా ఎవరూ దిగకూడదని. అంటే ఓడ కనిపెట్టిన మాస్టారే దిగకూడదు!

చోటు నేను చెప్పలేదు. చెప్తే రేపు మా వలలకీ అడ్డం పెడతారని భయం.

ఇక్కడే ఆ మనిషి గొప్పతనం చూడండి. ఆ చోటు ఆయన చేతి వాచీలో రికార్డయి ఉంది. నొక్కితే చాలు. నాలుగేళ్లు నోరు విప్పలేదు. "గుర్తు మీ నాన్నది బావా. నీ నోటి నుంచే రావాలి."

తోటి డైవర్లు ఆయన్నే తిట్టారు, సరదాగా దిగి చూద్దామంటే నీ చట్టం వచ్చి చెడగొట్టిందని. ఇద్దరు ఏకంగా కారేసుకుని నా దగ్గరికి వచ్చారు.

"ఒక్కసారి చూపించు తాతా. జ్ఞాపకంగా ఒక్క ఇటుక తెచ్చుకుంటాం."

"తలా ఒక ఇటుక పట్టుకుపోతే మీ తర్వాత వచ్చేవాడికి బురద చూపించనా?" అని పంపేశాను. అప్పుడు తెలిసింది, నేను మాస్టారి మాటే మాట్లాడుతున్నానని.

పర్మిషన్ వచ్చినా చూడొచ్చు గానీ ముట్టుకోకూడదట. మన నీళ్లలో తడమకుండా చూడటమెలా? ఏడాదికి నాలుగు రోజులు నీళ్లు తేరుకుంటాయి. ఆ నాలుగు రోజుల కోసం ఆయన పెదపారుపూడిలో స్నేహితుడి చేపల చెరువులో ప్రాక్టీసు చేశారు. చేతులు గుండెల మీద కట్టుకుని, కాళ్లతోనే, ఎక్కడా తగలకుండా తేలడం. గట్టు మీద స్నేహితుడు ఒకటే ఎగతాళి. "చేపలకి ఎక్కాలు చెప్తున్నావా ఏంట్రా శేషగిరీ?"

మొన్న ఆదివారం ఓడ దగ్గర దిగడానికి పర్మిషన్ దరఖాస్తు తెచ్చారు. పడవ ఓనర్ సంతకం కావాలి. చోటు రాయాలి.

"వేట తగ్గాక చూద్దాం లెండి," అన్నాను.

ఆయన కాగితం మడిచి నా చేతిలో పెట్టారు. "నీళ్లు తేరుకునే రోజులు దగ్గరపడుతున్నాయి బావా," అన్నారంతే.

నిన్న గుడివాడ వెళ్లాను. చేతులు గుండెల మీద కట్టి పడుకోబెట్టారు. చెరువులో అచ్చం అలాగే తేలేవారు.

ఎవరి ముందూ తల వంచని నేను అక్కడ తల ఎత్తలేకపోయాను.

ఈ పొద్దున సంతకం పెట్టాను. ముసలమ్మ గుర్తు నా చేత్తోనే రాశాను. నాన్నా, కోప్పడకు. కింద ఇంకో రెండు మాటలు రాశాను. మా వలలకి దారి ఆపొద్దు. చేతులు కట్టుకుని చూసేవాళ్లని ఆపొద్దు. దోచేవాడు వస్తే మా పడవలే అడ్డం నిలుస్తాయి.

సోమవారం ఆఫీసుకి నేనే వెళ్తున్నాను. తీసుకున్నామని స్టాంపు కొట్టేదాకా లేవను. పర్మిషన్ వచ్చేదాకా తిరుగుతూనే ఉంటాను. మోకాళ్లు నొప్పులే గానీ మొండితనం అరగలేదు.

నాలుగేళ్లు మీరు నన్ను బావా అన్నారు. నేను ఒక్కసారీ అనలేదు.

తేరుకున్న నీళ్లలా మీ ప్రాణం నిమ్మళంగా ఉండాలి.

వెళ్లి రండి బావా.