రొయ్యల పెట్టెలో బిళ్ళగన్నేరు

పూలమొక్కలకి మట్టి కొనుక్కోమన్న మనిషిని మా ఆవిడ కొట్టినంత పని చేసింది.

పాపం, అతను కడియం నుంచి ట్రాలీ ఆటోలో మొక్కలు తెచ్చి అమలాపురం వీధుల్లో అమ్ముకునేవాడు. మేం అద్దెకుంటున్న మేడ కింద ఆటో ఆపాడు. పిట్టగోడ పొడుగునా పూలపెట్టెలు పెట్టుకోవాలని మా ఆవిడకి ఏడాదిగా కోరిక. కొట్లో వాటి ధర విని నేను నోరెళ్లబెట్టి వచ్చేస్తే, చేపల మార్కెట్టులో పారేసే థర్మాకోల్ పెట్టెలు మూడు తనే పోగుచేసుకొచ్చింది. రొయ్యలకి ఐసు కొట్టి పంపే పెట్టెలవి. సబ్బుతో కడిగి, ఎండబెట్టి, ఊచ కాల్చి అడుగున బెజ్జాలు పొడిచింది. నాలుగు రోజులు ఇల్లంతా నీచు వాసన. నేను సణుగుతూనే అన్నం తిన్నాను.

"ఎక్కువ పెట్టలేమండీ. ఎండకి తట్టుకోవాలి, రోజూ పూయాలి, చావకూడదు" అంది మొక్కలతనితో.

"అన్నీ ఒక్క మొక్కలోనే అంటే ఎలాగండమ్మా" అని నవ్వి, అతను బిళ్ళగన్నేరు చూపించాడు. "ఇది తీసుకోండి. గోడ పగుల్లో కూడా బతికేస్తదండి. మేక కూడా ముట్టదు."

నాలుగు బిళ్ళగన్నేరు, రెండు కనకాంబరం తీసుకుంది. కొసరుగా నాచుపూల కొమ్మలు రెండు గీచి గీచి అడిగి పుచ్చుకుంది. బంతి కొననేలేదు. గుమ్మానికి కట్టిన దండ ఎండాక రెక్కలు నలిపి చల్లితే వచ్చే బంతికి డబ్బెవరిస్తారు? అంతా అయ్యాక అతను కొబ్బరిపొట్టు కలిపిన మట్టి సంచీ ఒకటి ముందుకు జరిపాడు. అదే అతను చేసిన నేరం.

"కోనసీమలో ఉండి మట్టి కొనుక్కోవాలాండీ? మన పొలంలో కర్ర పాతినా చిగురేసేస్తుంది!" అంది.

మన పొలం అంటే తన పొలమే. రాజోలు అవతల అరెకరం, పెళ్లిలో వాళ్ల నాన్నగారు పసుపు కుంకుమ కింద రాసిచ్చింది. కాగితం మీద పేరు తనదే అయినా ఏనాడూ 'నా పొలం' అనలేదు, 'మన పొలం' అనే అనేది. మా బావమరిదే సాగుచేసి మాకు బియ్యం పంపేవాడు. ఆ చుట్టుపక్కల పొలాలన్నీ ఒక్కొక్కటీ రొయ్యల చెరువులయ్యాయి. ఆఖరికి మా బావమరిది కూడా పక్కనే ఉన్న తన పొలాన్ని చెరువు చేయించి ఉప్పునీళ్లు పెట్టాడు. అప్పటినుంచి మాదాంట్లో ఊడ్చిన నారు ఊడ్చినట్టే ఎండిపోతోంది. "ఇంకెందుకక్కా, అది కూడా చెరువుకి లీజుకిచ్చేద్దాం" అని రెండేళ్లుగా అడుగుతున్నాడు. ఒకసారి తవ్వితే అది మళ్లీ పొలం కాదని మా ఆవిడకి తెలుసు. "ఒక్క ఏడాది వానలు బాగా పడనీరా, ఉప్పు కడుక్కుపోతుంది" అని వాయిదా వేస్తూ వచ్చింది. ఆ వాన కోసమే ఆవిడ బతుకుతోందా అనిపించేది నాకు.

మట్టి తెమ్మని తమ్ముడికే ఫోన్ చేసింది. మూడు సంచులు బండి మీద వేసుకుని వచ్చాడు. "మన పొలంలోదేనా?" అంటే "ఆయ్, అక్కడిదేనక్కా" అన్నాడు. మామూలుగా వాడి నోటికి తాళం ఉండదు. ఆ రోజు మాత్రం మంచినీళ్లు తాగి, నా మొహం చూడకుండా వెళ్లిపోయాడు.

నల్లటి ఒండ్రు. మా ఆవిడ గడ్డలు వేళ్లతో చిదుపుతూ, వాసన చూస్తూ, పెట్టెల్లోకి నింపింది. "కొంచెం నోట్లో కూడా వేసుకో" అన్నాను. వేసుకుని ఉంటే అప్పుడే తెలిసేదేమో.

బంతి మొలవనే లేదు. వారం తిరక్కుండా కనకాంబరం ఆకుల అంచులు మాడాయి. గోడ పగుల్లో బతికే బిళ్ళగన్నేరు పసుపుపచ్చబడి, ఒకదాని తర్వాత ఒకటి తల వాల్చేసింది. మట్టి మీద తెల్లగా పొర కట్టింది. అది కుళాయి నీళ్లలో బ్లీచింగు అంది. తర్వాత తప్పు నీళ్లది కాదు, పెట్టెలది అంది.

"రొయ్యల పెట్టెలు కదండీ. ఉప్పంతా వాటికి పట్టేసి ఉంటుంది."

"ఆడలేక మద్దెల ఓడందట" అన్నాను.

పెట్టెలు బోర్లించింది. మూడు రోజులు నీళ్లలో నానబెట్టి, తోమి, మళ్లీ అదే మట్టి నింపింది. మళ్లీ ఆటో కోసం కాచుకుని, మళ్లీ అన్నిటికన్నా చవకైన బిళ్ళగన్నేరే కొంది. అవీ చచ్చిపోయాయి. "ఇంకా పెట్టెలకి ఉప్పు పోలేదండి" అంది.

అక్కడ నేను ఊరుకోవలసింది. నాకు వాదన మొదలైతే నెగ్గేదాకా నిద్రపట్టదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అదే జబ్బు, ఇప్పుడూ అదే. ఆటో వచ్చిన రోజు నేనే కిందికి దిగి, ఒక బిళ్ళగన్నేరూ, ఆవిడ కాదన్న మట్టి సంచీ కొనుక్కొచ్చాను. మూడు పెట్టెల్లో ఒకదాన్ని ఖాళీచేసి, కనీసం కడగనైనా కడక్కుండా, కొన్న మట్టి నింపి మొక్క పెట్టాను. అదే పిట్టగోడ, అదే ఎండ, అదే కుళాయి నీళ్లు. నెల తిరిగేసరికి ఆకు కనబడకుండా పూసింది.

చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి మరీ చూపించాను. "చూశావా? తప్పు పెట్టెది కాదు."

వంగి, కొన్న మట్టిని వేళ్లతో చిదిపి చూసింది. నేను శభాష్ అంటుందనో, కనీసం తిడుతుందనో ఎదురుచూస్తున్నాను. ఆవిడ మొహం చూశాకే నాకు బుర్రలో వెలిగింది, పెట్టెది కాకపోతే మరి దేనిదో.

"అయితే ఇంక ఎన్ని వానలు పడ్డా లాభం లేదంటారా?" అంది.

"ఒక్క పెట్టెతో ఏం తెలుస్తుంది" అని ఏదో గొణిగాను. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు. పెట్టెలదే తప్పని నమ్మినన్నాళ్లు ఆవిడకి పొలం ఉంది. ఆ నమ్మకం వల్ల నాకొచ్చిన నష్టం ఏమిటి? నాలుగు చవక మొక్కలు.

"తమ్ముడికి ఫోన్ చెయ్యండి. లీజు కాగితాలు తెచ్చుకోమనండి" అంది.

మర్నాడే వచ్చాడు. ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టింది. నీ చెరువు నీళ్లే దీన్ని చంపాయిరా అని ఒక్క మాట అనలేదు. నేను అనబోతే కళ్లతోనే ఆపేసింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది కదా. వాడికి అన్నం పెట్టి, చారు పోసి, వెళ్లేటప్పుడు పెట్టెల్లోంచి తీసిన మట్టి మూడు సంచులూ చేతికిచ్చింది.

"ఇది అక్కడే పోసెయ్యరా."

"వచ్చేవారం పొక్లెయిను వచ్చేస్తుందక్కా. ఇది తీసుకెళ్లి ఏం చేస్తాను?"

"అయినా సరే."

తీసుకెళ్లాడు. పొలంలో పోశాడో, దారిలో కాలవలో దులిపేశాడో నేను అడగలేదు. ఇప్పుడక్కడ చెరువు గట్లు, నీళ్లని చిలికే చక్రాలు ఉన్నాయట. మేం చూడటానికి వెళ్లలేదు.

రెండు పెట్టెలు బయట పారేసింది. పూస్తున్నదాన్ని మాత్రం ఉంచింది. రోజూ నేనే నీళ్లు పోస్తాను. పీకేద్దామని చాలాసార్లు చెయ్యి పెట్టి, దాని తప్పేముందని వెనక్కి తీసుకున్నాను. నిన్న పొద్దున్న బట్టలారేయటానికి వచ్చి, పిట్టగోడ దగ్గర ఒక్క నిమిషం నిలబడింది.

"మీ మొక్క బాగా పూస్తోందండి" అని, బకెట్టు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.