నీళ్లు ముట్టని రోజు

మా అమ్మకు ఆసుపత్రికి పోయే రోజంటే నీళ్లు ముట్టని రోజు. ముందురోజు రాత్రి సంగటి తిన్నాక అర గ్లాసు తాగుతుంది, అంతే. పొద్దున కాఫీ కూడా వద్దంటుంది. రామసముద్రం దగ్గరి మా పల్లెలో మదనపల్లె బస్సు ఎత్తు మెట్టు మీదికి నేను వెనకనుంచి తోస్తే, ఎండిన పెదాలతో కిటికీ పక్కన కూర్చుంటుంది.

ఎందుకో నాకు తెలుసు. ఆ ఆసుపత్రి మరుగుదొడ్డి వెనకవైపు ఉంది. పట్టుకోవడానికి కమ్మీ లేని మెట్లు, కూర్చుంటే మళ్లీ లేవలేని దొడ్డి. దానికీ తాళం. తాళంచెవి ఎక్కడని అడిగితే ఆయా నర్సును చూపిస్తుంది, నర్సు వాచ్‌మన్‌ను చూపిస్తుంది, వాచ్‌మన్ టీకి పోయుంటాడు. పోనీ గోడ చాటుకు పోదామంటే అదే వాచ్‌మన్ ఎక్కడినుంచో ఊడిపడి అరుస్తాడు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్న సామెతే. చక్రాల కుర్చీ కోసం కట్టిన వాలుదారి నిండా బైకులు. గోడమీద మాత్రం నవ్వుతున్న ముసలి దంపతుల బొమ్మ, కింద 'పెద్దలను గౌరవిద్దాం' అని రాత. చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. గౌరవం ఎవడిక్కావాలి, తాళంచెవి ఇవ్వండి.

లోపల బీపీ చూస్తారు. ప్రతిసారీ ఎక్కువే. కుర్ర డాక్టరు తలెత్తకుండా మందు పెంచి రాస్తాడు. ఇంటికొచ్చి అది మింగితే అమ్మకు కళ్లు తిరుగుతాయి. పుంగనూరులో చూపించాను. కుప్పంలో పిన్ని ఇంటికి పోయినప్పుడు అక్కడా చూపించాను. ఎక్కడైనా అదే బీపీ, అదే పెంచడం.

మొన్న వానలకు ముందు, పాలు పితికి లేస్తూ కళ్లు తిరిగి కొట్టంలో పడిపోయింది. ఆవు కాళ్ల మధ్యన. నుదురు పగిలింది. ఆవు కదలకుండా నిలబడింది కాబట్టి నాకు అమ్మ మిగిలింది. ఆ ఆవుకున్న ఇంగితం ఆసుపత్రులు కట్టేవాళ్లకు లేదు.

తలకు కట్టుతో మళ్లీ అదే డాక్టరు ముందు కూర్చున్నాం. బీపీ మళ్లీ ఎక్కువే. ఈసారి అతను తలెత్తాడు.

"అవ్వా, మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నావా?"

"ఇంట్లో ఉండే దినాలు తప్పకుండా మింగుతాండాను నాయనా. ఏ ఆసుపత్రికి పోయినా ఆ దినం పొద్దున మింగను."

"ఎందుకు?"

"అది మింగితే ఊరికే ఒంటికి పోవాల్సొస్తాది. ఈడ దొడ్డికి బీగమేసి ఉండారు గదప్పా."

రోజూ ఆమె పక్కనే పడుకుంటాను, ఈ సంగతి నాకే తెలియదు. మాత్ర మానేసిన రోజు బీపీ చూసి, మాత్ర మింగే రోజులకు మందు పెంచుతూ పోయారు. నీళ్లు కూడా లేని ఒంటికి! ఆ గదిలోనే అరిచాను. బయట వరుసలో ఉన్న ముసలోళ్లంతా తొంగి చూశారు. డాక్టరు మందు తగ్గించాడు, మాత్ర మానొద్దన్నాడు, నీళ్లు బాగా తాగమన్నాడు. తాళం సంగతి పైవాళ్లకు చెప్తానన్నాడు.

ఈ నెల మళ్లీ బయల్దేరాం. అమ్మ నుదుటి మీద మచ్చ మిగిలింది. బస్సు కోసం నిలబడినప్పుడు మాత్ర, నీళ్ల సీసా ఆమె చేతిలో పెట్టాను.

"బీగం తీసినారంటనా?" అంది.

"తీయకుంటే ఈ పొద్దు రాయి తీసుకోని నేనే పగలగొడతాను. మింగు" అన్నాను.

అమ్మ కాసేపు నా మొహంలోకి చూసింది. మాత్ర మింగి, సగం సీసా తాగింది.