మూడో ముక్క

సైన్సు టీచరమ్మకు నత్తి. తనిఖీ రోజు పొద్దున్నే హెడ్మాస్టరు ఆమెను పిలిచాడు. “పెద్ద పదాలు బోర్డు మీద రాసెయ్యండమ్మా. తడబడ్డారంటే మిమ్మల్ని లైబ్రరీకి మార్చేస్తారు.”

“రాయడానికి సుద్దముక్క చాలు సార్, టీ... టీచరెందుకు?” అంది ఆమె.

తనిఖీ అధికారి చివరి బెంచీలో కూర్చున్నాడు. ఆమె బల్ల మీద వేళ్లతో దరువేస్తూ ఫొటోసింథసిస్‌ని ముక్కలుగా పలకసాగింది. “ఫొ, టో...” నొక్కి పలకాల్సిన మూడో ముక్క గొంతులో ఇరుక్కుంది. జాలిపడి ఒక పిల్ల అందించబోతే చెయ్యెత్తి ఆపింది. అధికారి గడియారం చూసుకున్నాడు. చూసుకోనీ అనుకుంది. వెనక్కి తగ్గకుండా అక్కడే నిలబడి, చివరికి బల్ల దద్దరిల్లేలా అరచేత్తో చరిచింది.

“సిం!”

మిగతా రెండు ముక్కలూ వాటంతటవే వచ్చాయి. పిల్లలంతా బల్లలు చరుస్తూ పదాన్ని తిరిగి పలికారు.

అధికారి లేవబోయాడు.

“కూ... కూర్చోండి సార్,” అంది, “ఇంకో పదం ఉంది.”